నైవేలి అడుగు నీటి వయసు

నీటికి వయసు కట్టే పనిలో నాది మోత పని. బోరు దగ్గర నూరు లీటర్లకు పైగా నీళ్ళు డ్రమ్ములోకి పట్టి, కాస్టిక్ సోడా, బేరియం క్లోరైడ్ కలిపేవాణ్ణి. నీటిలో కరిగి ఉన్న కార్బన్ తెల్లటి మడ్డిగా అడుగుకు దిగేది. దాన్ని సీసాకెత్తి హైదరాబాద్ ప్రయోగశాలకు మోసుకొచ్చేవాణ్ణి.

ఈ విద్యకు తమిళనాడు తీరప్రాంతంలోని నైవేలి మంచి పాఠం. 1930లలో జంబులింగ ముదలియార్ పొలంలో నీటికోసం తవ్విస్తే నల్లటి పదార్థం బయటపడింది. అదే లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు. 1956లో దాన్ని తవ్వడానికి ప్రభుత్వ సంస్థ పుట్టింది, మరుసటి ఏడు గని మొదలైంది. తవ్వకానికి అడ్డొచ్చింది నీరే. లిగ్నైట్ కింద కడలూరు ఇసుకరాతి పొరలో నీరు గట్టి ఒత్తిడితో ఉంది. పైనున్న మట్టి బరువు తీసేస్తే గని అడుగును చీల్చుకుని తన్నుకొస్తుంది. అందుకని రేయింబవళ్ళు పంపులు ఆడాల్సిందే. ఇంత తోడితే సముద్రం లోపలికి రాదా? నీరు ఉప్పగా ఉందో లేదో నాలుక చెబుతుంది. ఆ నీరు ఇప్పుడు వచ్చి చేరిందో, పాతకాలానిదో మాత్రం చెప్పలేదు.

అక్కడ ఐసోటోపులు, అంటే ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు, కావాలి. 1950ల నుంచి జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షలు వాననీటిలో ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్‌ను నింపాయి. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళే. అది కనిపిస్తే కొత్త వాన కలిసినట్టే. పాత నీటికి 5,730 ఏళ్ళ అర్ధాయువున్న కార్బన్-14 కొలత. సున్నపురాతి నుంచి కరిగిన కార్బన్ నీటిని ఉన్నదానికన్నా ముసలిదిగా చూపిస్తుంది కాబట్టి ఆ లెక్క సరిచేసుకోవాలి.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన సుఖీజా బృందం 1998లో ఈ కడలూరు ఇసుకరాతి పొర నీటి ఫలితాలను ప్రచురించింది. పడమట ఇసుకరాయి నేలమీద తేలిన చోట వాన ఇంకుతుంది. అక్కణ్ణుంచి తీరం వైపు వెళ్ళేకొద్దీ వయసు పెరిగి సుమారు 30 వేల ఏళ్ళకు చేరింది. ఆక్సిజన్-18, క్లోరైడ్ కలిపి చదివితే, మంచుయుగం ముదిరిన రోజుల్లో ఇక్కడ వానలు తక్కువని తేలింది. అప్పట్లో సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కింద ఉండేది.

పాత నీరంటే కదలని నీరు కాదు, బహు నెమ్మదిగా నడిచే నీరు. మంచి వాన పడ్డ ఏడు తీరం బోర్లలో మట్టం లేస్తే లోపలంతా కొత్త నీరు నిండిందని సంబరపడతారు. పైకప్పు బిగిసిన పొరలో ఒత్తిడి త్వరగా పాకుతుంది, నీరు మాత్రం వేల ఏళ్ళు తీసుకుంటుంది. మట్టం ఒక్కటే చూసి ఇంకా ఎంత తోడవచ్చో తీర్పు చెప్పకూడదనేది అందుకే.