ధ్వజమందలి వరాహము

పోచారం ప్రాజెక్టు కట్ట దిగి అడవి యంచున నున్న మొక్కజొన్న చేల వెంబడి నడచువారికి, గుంజలకు బిగించిన పాతచీరలు, ఎఱ్ఱవియు వెలసినవియు, గాలికి రెపరెపలాడుచు జాతర జెండాలవలె కనబడును. అవి అడవిపందిని బెదరించుటకు కట్టినవి. ఆ పందినే మన పూర్వపు రాజులు ధ్వజములపై వ్రాయించి, దానికి శత్రువులు తల వంచవలెనని కోరిరన్నచో, రాత్రి మంచెపై కూర్చుండి డబ్బా వాయించు రైతు నవ్వక మానడు.

బాదామి చాళుక్యులు తమకు నారాయణుని ప్రసాదమున వరాహలాంఛనము లభించినదనియు, దానిని చూచినంతనే పరరాజులు వశులైరనియు శాసనములందు చెప్పుకొనిరి. 7వ శతాబ్దిలో వేంగికి వచ్చిన వారి శాఖ దానిని వెంట తెచ్చుకొనెను. కల్యాణి చాళుక్యులు ధరించిరి. వారికి సామంతులై యుండి పిదప స్వతంత్రులైన కాకతీయులును, తరువాత విజయనగర ప్రభువులును విడువలేదు. వంశములు మారినను మృగము మారకుండుటయే ఇందలి మర్మమని నా యభిప్రాయము. భూమిని కోరపై నెత్తిన ఆదివరాహమును ముద్రించుకొన్నవాడు, ఆ భూమికి తానే భర్తనని వేరుగా చెప్పుకొనవలసిన పనిలేదు గదా! సామాన్యుని చేతికి మాత్రము ఆ పంది బంగారు నాణెమై వచ్చెను. వరహా యన్న మాటలో నేటికిని దాని పేరు నిలిచియున్నది.

ధ్వజమునందలి మృగము అడవిలో నుండవలెనను నియమమును లేదు. సింహళపు అడవులలో సింహము లేకున్నను ఆ దేశపు జెండాపై ఖడ్గము పట్టిన సింహమున్నది. 1815లో కండి రాజ్యము పడినప్పుడు ఆంగ్లేయులు కొనిపోయిన పతాకము లండనులోని చెల్సీలో, వృద్ధసైనికుల యాశ్రమమున దొరకగా, ఇ. డబ్ల్యు. పెరేరా 1916లో, పోచారములో ఆలేరు వాగునకు ఆనకట్ట ప్రారంభించిన యేటనే, సింహళ ధ్వజములను గూర్చిన గ్రంథమున దానిని వెల్లడించెను. 1948లో స్వాతంత్ర్యము వచ్చిననాడు ఆ సింహమే పైకెగసెను. అది ఎవరి పతాకమనుకొంటిరి? తెలుగు మూలముగల నాయక్కర్ వంశపు కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహునిది. ఆయన వేలూరు చెరలో 1832లో మరణించెను.

1922లో ఆనకట్ట పూర్తియగునాటికి ఈ ప్రాంతముపై నెగురుచున్న నిజాము పసుపు జెండాపై మృగమే లేదు, కుల్చా యను రొట్టె యుండెను. ఒక ఫకీరు పెట్టిన కుల్చాలను మొదటి నిజాము ఏడు తినెననియు, కావున ఏడు తరములు రాజ్యము నిలుచునని ఆ ఫకీరు దీవించెననియు కథ. సింహములకును గరుడులకును నడుమ రొట్టెను నిలిపిన రాజవంశము నాకు ముచ్చటగా తోచును.

మన త్రివర్ణ పతాకము సారనాథ స్తంభమునుండి చక్రమును మాత్రము గ్రహించి, ఆ చక్రముల నడుమ చెక్కిన గుఱ్ఱమును, ఎద్దును 1950లో రాజముద్రకు వదలివేసినది.

నిజాము వేటాడిన ఈ పోచారపు అడవి 1952లో అభయారణ్యమైనది. 2014లో తెలంగాణ ప్రభుత్వము జింకను రాష్ట్రజంతువుగా నెన్నుకొనెను. పోచారములో జింకలకు కంచె కట్టిన ప్రత్యేక కేంద్రమే కలదు. ఇన్ని శతాబ్దులు పతాకములపై నెగిరిన పందికి మాత్రము నేడు ఏ ముద్రలోను చోటు దక్కలేదు. చీకటి పడగానే అది చెరువు కట్ట దాటి వచ్చును. చీరలు చినిగిన చోట దూరును.