కంది ఏడాది పంట ఎట్లా అయింది?



కంది పుట్టుకతో ఏడాది మొక్క కాదు. నరకకుండా వదిలితే మూడు నాలుగేండ్లు బ్రతికే పొద. శనగ, ఉలవ కాయ పండగానే ఎండిపోతాయి. కంది అట్లా కాదు, కాయ కోసినాక ఒక వాన పడితే మళ్ళీ చిగురు వేస్తుంది. దీని దగ్గరి చుట్టం అడవి కంది నేటికీ బస్తరు ప్రాంతంలోను, తూర్పు కనుమల్లోను కనిపిస్తున్నది. బళ్ళారి దగ్గర సంగనకల్లు తవ్వకాలలో మూడువేల ఏండ్లకు పైబడిన కంది గింజలు దొరికినవి. అంటే మన మెట్ట రైతుకు ఇది కొత్త పంట కాదు.

మరి ఇన్నేండ్లు బ్రతికే పొదను ఏటా ఎందుకు నరుకుతున్నాం? మొదటి సంగతి పగటి పొద్దు. పగలు తగ్గేకొద్దీ కంది పూతకు వస్తుంది. తొలకరిలో విత్తితే పొద్దు తగ్గేదాకా ఎదిగి నిలువెత్తు దాటుతుంది. అదే గింజ సెప్టెంబరు చివర విత్తితే మోకాలు దాటి కొంచెం ఎదిగేసరికే పూస్తుంది. అందుకే రబీ కందికి సాళ్ళు దగ్గర చేసి, గింజ ఎక్కువ వేయమంటారు. రెండోది నీరు. నేల తేమ ఆరితే రెండో ఏటి చిగురుకు ఆధారం లేదు, నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

అన్నిటికన్నా పెద్దది తెగులు. బీహారులోని పూసాలో బట్లరు అనే శాస్త్రజ్ఞుడు 1906లో ఎండు తెగులుకు కారణం నేలలోని బూజేనని చూపించాడు. ఆ బూజు కంది మోళ్ళపై రెండు మూడేండ్లు నిలిచి ఉంటుంది. కందిని అక్కడే ఉంచితే తెగులును మేపినట్లే. జొన్నలో కంది వేసే మన పాత పద్ధతిలో ఈ ఎండు తక్కువని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధనల్లో కూడా తేలింది. పెద్దలకు బూజు పేరు తెలియదు, పొలం తెలుసు.

వెర్రి తెగులు కథ ఇంకా వింత. ఆకులు చిన్నవై, పచ్చని మచ్చలు పడి, చెట్టు గుబురుగా పెరుగుతుంది గాని పూయదు. దీన్ని 1931లో పూసాలోనే గుర్తించి వ్రాశారు. కంటికి ఆనని నల్లి దీన్ని మోస్తుందని 1960ల మొదట్లో తేలింది. అసలు వైరస్ చిక్కింది 2000 ప్రాంతంలో! నల్లికి రెక్కలు లేవు, గాలే దాని బండి. అది బ్రతికేది కంది మీద, దాని అడవి చుట్టాల మీద. వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడు దానికి దిక్కు ఏది? గట్టు మీద, పెరట్లో పచ్చికాయల కోసం వదిలిన పాత కంది చెట్టే.

ఒక చెట్టే గదా అని చాలామంది ఊరుకుంటారు. విత్తిన నెలన్నర లోపల ఈ తెగులు సోకిన మొక్కకు కాపు దాదాపు ఉండదు. 1993లో విడుదలైన ఆశ రకం ఈ రెండు తెగుళ్ళనూ తట్టుకుంటుంది. తట్టుకోలేని రకం వేసేవారు మాత్రం తొలకరికి ముందే గట్టు మీది పాత చెట్లను వేళ్ళతో పెరికి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టండి. విస్తరణ కార్యకర్తలు పొలం చూడబోయినప్పుడు చేనుకన్నా ముందు గట్టు చూడవలెను.