దండు, డేరా, మోటారు సైకిలు

గత మాఘమాసంలో మేము నలుగురము రాయచూరు నుండి బయలుదేరి, ఆనెగొంది దగ్గర జరిగిన ఒక మోటారు సైకిలు ర్యాలీకి వెళ్ళి, రెండు రాత్రులు డేరాలలో ఉండి వచ్చాము. పాసు మీద రైలెక్కవలసిన రైల్వే గుమాస్తాలు చేతి డబ్బుతో పెట్రోలు పోసుకొని పోవడమేమిటని ఆఫీసులో నవ్వారు. మన సంఘంలోని పెద్దలు మాత్రం నవ్వలేదు. "పెళ్ళాం బిడ్డలు గలవాళ్ళు, ఈ దేశదిమ్మరితనం ఏమిటయ్యా?" అన్నారు. వారికి ఎదురు చెప్పేటంతటి వాళ్ళము కాము గాని, ఉగాది సంచికలో నాలుగు ముక్కలు విన్నవించుకొంటే తప్పు లేదనుకొంటున్నాము.

ఆరుబయట డేరా వేసి ఉండడం ఈ సీమకు కొత్త కాదు. 1520లో రాయచూరు కోట కోసం శ్రీకృష్ణదేవరాయల దండు విడిసినది ఈ నేల మీదనే. ఆ సంగతులు వ్రాసిపెట్టిన న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు యుద్ధం కంటే దండు విడిది గురించి చెప్పిన మాటలే మాకు ఎక్కువ రుచించాయి. రాయలవారి డేరా చుట్టూ ముళ్ళకంచె, దానికి ఒకటే దారి; దండులోనే వీధులు, అంగళ్ళు. అన్నిటికంటె వింతైన సంగతి, తోలు తిత్తులతో నీళ్ళు మోసేవారు 12,000 మంది దారి పొడుగునా నిలబడ్డారట, దాహానికి ఎవడూ చావకుండా. మేము గుమాస్తాలము గనుక ఎవరి లెక్కనూ ఊరికే నమ్మము. కాని యుద్ధం జరిగినది మే నెలలో. ఆ నెలలో రాయచూరు ప్లాట్‌ఫారం మీద నిలుచున్నవారెవరూ ఈ అంకెను చూచి నవ్వరు.

తరువాత మూడు వందల ఏండ్లకు మనవాడే ఒకాయన డేరాలు కట్టుకొని బయలుదేరాడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి వెళ్ళి 1831లో తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలోను ఆయన చూచినది ఒకటే: ఊరిలో ఏమి దొరుకుతుంది, దిగడానికి చోటున్నదా, నీళ్ళు మంచివా కావా. కచేరీ ఉద్యోగి చూపు అట్లాగే ఉంటుంది. మాకు ఆయన మీద ప్రత్యేకాభిమానం.

మోటారు సైకిళ్ళ మేళాలు పై దేశాలలో పుట్టినవి. అమెరికాలో స్టర్జిస్ అనే చిన్న ఊరిలో 1938లో తొమ్మిది మంది పందెగాళ్ళతో మొదలైనది, 2015 నాటికి ఏడు లక్షల మంది చేరే తిరునాళ్ళ అయింది. జర్మనీలో 1956 నుండి నడిచే మేళాకు ఏనుగుల పేరు పెట్టారు. అది నడి శీతకాలంలో, మంచులో గడ్డి పరచుకొని పడుకొనే సరదా. మన వైపు ఈ బండ్లు రైతు ఇంటికి వచ్చిన తీరు వేరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు కంపెనీ పెట్టారు. 1961లో మైసూరులో జావా ఫ్యాక్టరీ తెరిచారు, అది 1996లో మూతపడింది. మాలో ఒకరి తాతగారు ధాన్యం అమ్మిన డబ్బుతో కొన్న జావా మీదనే మేము ఈ ప్రయాణం చేశాము. మిగతా రెండు బండ్లు కొత్తవి. దారిలో రెండుసార్లు ఆగినది మాత్రం వాటిలో ఒకటే.

రాయచూరు నుండి మాన్వి, సింధనూరు, గంగావతి మీదుగా ఆనెగొంది సుమారు 150 కిలోమీటర్లు. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడేవరకు ఇదంతా మన జిల్లాయే. ఈ దారి పొడుగునా ఊళ్ళ పేర్ల చివర 'క్యాంపు' అని ఉంటుంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుండి కాలువకు నీళ్ళు వదలిన నాటినుండి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి, తుమ్మలు నరికి, పాకలు వేసుకొని దిగిన చోట్లు ఇవి. అప్పటికి ఇది హైదరాబాదు రాష్ట్రం. 1956లో మైసూరులో కలిసింది. కాలువ పొలం దాకా పారేలోపల తాగే నీళ్ళు రెండెడ్ల బండి మీద పీపాలతో తెచ్చుకొన్నామని మా వాడి తాతగారు చెప్పేవారు. ఆ పీపా ఇంకా వాళ్ళ పశువుల కొట్టంలో ఉన్నది.

ఇక ర్యాలీ. డేరాలు బాగానే వేశారు. మొదటి రాత్రి మంట చుట్టూ కన్నడం, తెలుగు, హిందీ కలగలుపుగా పాటలు. రెండవనాటి ఉదయానికి నీళ్ళ ట్యాంకరు రాలేదు. కూతవేటు దూరంలో తుంగభద్ర, తాగడానికి చెంబెడు మంచినీళ్ళు లేవు. వందలమంది బండ్లకు నూనె తెచ్చుకొన్నారు, విడి చక్రం తెచ్చుకొన్నారు, నీళ్ళ మాట నిర్వాహకులకే వదిలారు. మేమూ అంతే. న్యూనిజ్ మాట అప్పుడు జ్ఞాపకం వచ్చి ఏమి లాభం?

డబ్బాలు కట్టుకొని మేము ఇద్దరము వెనుకకు, గంగావతి దారిలోని ఒక క్యాంపుకు పోయాము. వసారాలో కూర్చున్న ముసలాయన మా వాలకం చూచి "ఏ క్యాంపు నాయనా మీది?" అని అడిగారు. ఆనెగొంది దగ్గర క్యాంపు వేశామండీ, రేపు ఎత్తేస్తామని చెప్పాము. ఆయన నవ్వి, "మాదీ మూడేండ్లలో ఎత్తేద్దామనే వచ్చాము. డెబ్బయి ఏండ్లయింది" అన్నారు. మనవరాలిని పిలిచి మోటారు వేయించి డబ్బాలు నింపించారు. మజ్జిగ తాగేదాకా కదలనివ్వలేదు. ఊరిపేరు మార్చుకోమని కుర్రవాళ్ళు పోరుతున్నారట. క్యాంపు వాళ్ళంటే ఇంకా బయటివాళ్ళ లెక్కే అని వాళ్ళ బాధ. ఆయనకు ఇష్టం లేదు. "దిగినవాళ్ళమని చెప్పుకొంటే తప్పేమున్నది? చుట్టుప్రక్కల కన్నడంవాళ్ళు ఆనాడు బావి చూపించకపోతే దిగగలిగేవాళ్ళమా?" అన్నారు.

నాలుగు డబ్బాలు తెచ్చి పోస్తే డేరాలలో పావుగంట వచ్చాయి. ట్యాంకరు మధ్యాహ్నానికి వచ్చింది. సోమవారం ఉదయానికి డ్యూటీలో ఉన్నాము. వచ్చే ఏడు మాతో రాదలచినవారు మనిషికి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి తెచ్చుకోవలెను.