చెరువా, కుంటా, తలపరిగా?

కర్ణాటకలోని పావగడ తాలూకాలో బాలసముద్రం అని ఒక ఊరుంది. అక్కడి నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా వందల కిలోమీటర్లే. ఈ సీమలో పెద్ద చెరువు తవ్వించినవాళ్ళు దాన్ని సముద్రమనే పిలుచుకున్నారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం అట్లా వచ్చిన పేరే. తెల్లదొరల రెవెన్యూ లెక్కల్లో మాత్రం ఇవన్నీ ‘ట్యాంకు’లు.

ఆ మాట కూడా ఇక్కడి మట్టి అంటినదే. గుజరాతీ, మరాఠీల్లో నీటితొట్టికున్న పేరూ, పోర్చుగీసువాళ్ళ ‘తాంకె’ కలిసి ఇంగ్లీషులోకి ఎట్లా చేరాయో యూల్, బర్నెల్ 1886లో తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో చర్చించారు. 1915లో బ్రిటిష్‌వాళ్ళు యుద్ధశకటాల గుట్టు దాచడానికి వాటికీ ఈ తొట్టి పేరే పెట్టారు.

పావగడకు దాదాపు చుట్టూ ఆంధ్రే. చాలా ఇళ్ళలో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. కన్నడ ‘కివి’ మనకు చెవి అయినట్టే, ‘కెరె’ మనకు చెరువు. ఈ తాలూకాలోని అరసీకెరె పేరులో ఉన్నది ఆ కెరెనే. చెర, చెరువు ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు: పోయే నీటిని పట్టి నిలిపితే చెరువు.

చెరువంటే కట్ట ఉండాలి, తూము ఉండాలి, నిండితే మరవ పారాలి. కింద ఆయకట్టు, నీళ్ళు పంచడానికి నీరుగంటి. కుంటకు ఇంత సరంజామా అక్కర్లేదు. వానకు నిండి, గొర్రెల దప్పిక తీర్చి, పక్క బావుల్లో ఊట పెంచి ఎండిపోతుంది. కొండమీద రాతిగుంటలో నిలిచేది దొన. వంక ఇసుకలో చేత్తో తోడుకునేది చెలమ.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలతపెట్టేది తలపరిగె. కొరటగెరె, మధుగిరి, శిరా, పావగడ ప్రాంతాల ప్రత్యేకతగా మైసూరు గెజిటీరు కూర్చిన లూయిస్ రైస్ అందులో దీన్ని నమోదు చేశాడు. ఇసుకపొర కింద ఊట ఉన్నచోట తవ్వి, అక్కణ్ణుంచి పొలానికి కాలువ తీస్తారు. కాలువలో ఇసుక కూడుతూనే ఉంటుంది, తీస్తూనే ఉండాలి. అది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఆ నీళ్ళు వాడుకునేవాళ్ళంతా పారలు పట్టుకుని రావాలి. చెరువును వాన నింపుతుంది, తలపరిగెను మనిషి చాకిరీ బతికిస్తుంది. బోర్లు వందల అడుగులకు దిగాక ఊటలు అడుగంటాయి. ఆ లోతునుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు.

పేరు చెరిగితే పని చెరుగుతుందని నా గట్టి నమ్మకం. ట్యాంకు మరమ్మతంటే కట్ట ఎత్తుచేసి, పూడిక తీసి బిల్లు రాస్తారు. కట్టే లేని తలపరిగె ఆ అంచనాలో ఎక్కడ ఇముడుతుంది? ఇంకా ఎన్ని మిగిలాయో ఊరి ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వెతికి ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకంలో ట్యాంకు అన్న గడి వద్దు. ఊట ఎక్కడ, కాలువ ఎటు, ఇసుక తీసే వంతు ఎవరిది అని రాస్తే చాలు.