భర్త వెంట నడచిన పౌరసత్వము

గత వేసవిలో నా పూర్వ విద్యార్థిని తండ్రి యొక ఇంగ్లీషు కాగితము తీసికొని మా యింటికి వచ్చెను. అమెరికా పౌరుడైన యువకునకిచ్చి ఆ పిల్లకు వివాహము చేసి రెండేండ్లు దాటినది. "మాష్టారూ, దీనిమీద అల్లుడు సంతకము పెట్టననుచున్నాడట. పెట్టకపోయిన మా అమ్మాయి గతి యేమి?" అని అడిగెను. అది ఆమె స్థిరనివాసపు హక్కునకు తగిలించిన షరతును తొలగింపుమని భార్యాభర్తలిరువురు కలిసి చేసికొనవలసిన దరఖాస్తు. దాని యర్థము చెప్పుట కష్టము కాలేదు. కాని యొక స్త్రీ యొక దేశమున నిలువగలుగుట మరియొకని చేవ్రాలుపై నెట్లు ఆధారపడెనను ప్రశ్న నన్ను విడువలేదు. ఆ దేశపు శాసనముల చరిత్రను కొంత వెదకి చూచితిని.

భార్యకు భర్తయే గతియని చెప్పిన నిందను మన స్మృతికర్తలకే కట్టబెట్టుట చదువుకొన్నవారిలో నొక యలవాటు. 18వ శతాబ్దమున ఇంగ్లండులో బ్లాక్‌స్టను వ్రాసిన న్యాయభాష్యమును తెరచినచో మనువునకు తోడు దొరకును. వివాహముతో స్త్రీ యొక్క న్యాయవ్యక్తిత్వము భర్తయందు లీనమగునని యందలి సిద్ధాంతము. అమెరికావారు ఇంగ్లండు రాజును త్రోసివేసిరి గాని యీ సిద్ధాంతమును మాత్రము దాచుకొనిరి. తమ పౌరుని పెండ్లాడిన విదేశస్త్రీ, ఆమె జాతికి పౌరసత్వార్హత యున్నచో, వివాహముతోడనే పౌరురాలగునని 1855లో శాసించిరి. చూచుట కిది వరమే. ఆ వరము వెనుకనున్న తర్కము 1907లో బయటపడెను. విదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీకి భర్త జాతీయతయే జాతీయతయని ఆ యేటి చట్టము చెప్పెను.

కాలిఫోర్నియాలో పుట్టిన ఎథెల్ మెకెంజీ 1909లో బ్రిటిషు ప్రజయగు నొక గాయకుని పెండ్లాడి, స్వరాష్ట్రముననే కాపురముండెను. 1911లో అక్కడి స్త్రీలకు వోటుహక్కు వచ్చెను. ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో తన పేరు నమోదు చేయించుకొనబోగా, నీవు పౌరురాలవు కావనిరి. ఆ చట్టముండగా తెలిసి, ఇష్టపడి పెండ్లాడినది గనుక ఆ ఫలమునకును సమ్మతించినట్లేయని 1915లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అదే పనిచేసిన పురుషునకు మాత్రము పౌరసత్వమున కే లోపమును లేదు.

1920లో దేశమంతట స్త్రీలకు వోటు లభించిన పిదప 1922లో కేబుల్ చట్టము వచ్చి స్త్రీ పౌరసత్వమును భర్త పౌరసత్వమునుండి వేరుచేసెను. కాని యందొక మెలిక మిగిల్చిరి. జాతికారణముగ పౌరసత్వమునకు అనర్హుడైన వానిని పెండ్లాడిన అమెరికా స్త్రీ మునుపటివలెనే తన హక్కును పోగొట్టుకొనును. మరుసటి యేట, అనగా 1923లో, అమెరికా సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో భారతీయులు శ్వేతజాతీయులు కారని సుప్రీంకోర్టు తేల్చెను. ఆ రెంటి నడుమ చిక్కినది మేరీ కీటింగ్ దాస్. 1914లో అమెరికా పౌరుడైన వంగదేశపు విప్లవకారుడు తారకనాథ్ దాస్‌ను ఆమె 1924లో వివాహమాడెను. భర్త పౌరసత్వము చెల్లదనుచు ప్రభుత్వము ఆమె పౌరసత్వమును సయితము పోయినదనెను. తాను దేశములేని స్త్రీనైతినని ఆమె 1926లో 'నేషన్' పత్రికలో వ్రాసికొనెను. పుట్టిన గడ్డమీద పరాయిదగుటకు ఆమె చేసిన నేరము పెండ్లి యొక్కటియే. భారతీయ న్యాయవాది సఖారామ్ గణేశ్ పండిట్ అదే సమయమున తన పౌరసత్వముకొరకు పోరాడి గెలిచెను. 1927లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును మరల విచారించుటకు నిరాకరించుటతో భారతీయుల పౌరసత్వములను రద్దుచేయు ప్రయత్నము చల్లారెను. కేబుల్ చట్టపు మెలిక 1931లో తొలగెను.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1946లో భారతీయులకు పౌరసత్వార్హతయు, ఏటికి నూరుమందికి ప్రవేశమును లభించెను. 1952 చట్టము పౌరురాలి భర్తను పౌరుని భార్యతో సమానముగ చూచెను. 1965 చట్టముతో మనవారి రాకపోకలు విశేషముగ పెరిగెను. పౌరుల భార్యలకు, భర్తలకు సంఖ్యాపరిమితి లేదు. మన పెండ్లిచూపులలో వరుని కులగోత్రములతోపాటు గ్రీన్‌కార్డును విచారించు నాగరకతకు బీజము పడిన దప్పుడే.

పెండ్లి దారియైనచోట దొంగపెండ్లిండ్లును పుట్టును. పౌరుల వివాహముల ద్వారా వచ్చు దరఖాస్తులలో నూటికి ముప్పది అనుమానాస్పదములని అధికారులు అమెరికా కాంగ్రెసునకు చెప్పిరి. ఆ లెక్కకు గట్టి యాధారము లేదని తరువాత తేలెను. లెక్క చెడినను దానిపై లేచిన 1986 నాటి చట్టము నిలిచినది. స్థిరనివాసము లభించునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనిచో ఆ హక్కు షరతుతో కూడినది. రెండేండ్ల గడువు ముగియుటకు ముందు తొంబది దినములలో దంపతులు కలిసి అర్జీ పెట్టవలెను. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దెపత్రము, ఫోటోలు చూపవలెను. అనుమానము కలిగినచో అధికారి యిద్దరిని వేర్వేరు గదులలో కూర్చుండబెట్టి, మంచమున కెవరే ప్రక్క పరుండుదురని కూడ అడుగవచ్చును. సప్తపది కగ్ని సాక్షి యనుకొన్న మనకు అద్దె రసీదు సాక్షియగుట వింతగానుండును.

నవ్వుకొని విడువవచ్చును గాని, సంతకము పెట్టువాడే కొట్టువాడైనచో? 1986 చట్టము విడాకులను తానే, తగిన కారణముతో, తన తప్పులేక తెచ్చుకొన్నవారికి మాత్రమే విడాకుల దారిని మినహాయింపు నిచ్చెను. మూతబడిన గదిలో భర్త చేతికి తాళమిచ్చినట్లయ్యెను. 1990లో ఆ నిబంధనను సడలించి, సద్భావముతో పెండ్లాడి హింసకు గురియైనవారు, విడాకులు కాకున్నను, ఒంటరిగనే అర్జీ పెట్టుకొనవచ్చుననిరి. 1994 చట్టముతో తొలి దరఖాస్తు సయితము హింసాపీడితులు స్వయముగ చేసికొను వీలు కలిగెను.

ఈ సంగతి ఆ తండ్రికి విప్పి చెప్పి, "అతడు అమ్మాయిని కొట్టుచున్నాడా?" అని అడిగితిని. ఆయన చాలసేపు చేతిలోని కాగితమును మడచుచు విప్పుచు కూర్చుండెను. "వాళ్ళమ్మతో ఫోనులో ఏదో చెప్పినదట. నాతో చెప్పలేదు" అనెను. ఆ మాటలన్నియు తేదీలతో సహా అమ్మాయి చేతనే వ్రాయించి, అక్కడి న్యాయవాదికి చూపుమని చెప్పి పంపితిని.