కాజీపేట జంక్షన్‌లో ఇంగ్లిష్ (6వ భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగిండు: "అక్కా, తెలుగుల పీహెచ్‌డీ చేసినవ్, మళ్ల మమ్ముల ఇంగ్లిష్ నేర్చుకోమంటవేంది?" న్యాయమైన ప్రశ్నే. జవాబు తెలుగు నుంచే మొదలుపెడతాను.

1880ల్లో నిజాం రాజ్యంలో ప్రభుత్వ భాష ఫారసీ నుంచి ఉర్దూకి మారింది. 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూలోనే. ఆ రోజుల్లో తెలుగు కోసం నిలబడ్డవాళ్లున్నారు, కాదనను. మన పక్కనే హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టారు. కానీ ఆ చరిత్ర చదివినప్పుడల్లా అది ఎవరి తెలుగు అన్న సందేహం నన్ను వదలదు. మా అమ్మ మాట్లాడే తెలుగుని 'యాస' అన్నది ఉర్దూవాళ్లు కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ మన పిల్లల కోసం విడిగా బళ్లు తెరవాల్సి వచ్చిందంటే, ఉన్న బళ్లు ఎవరివో వేరే చెప్పాలా?

ఇక కాజీపేట. 1930లో నిజాం ప్రభుత్వం తీసుకునేదాకా ఈ రైల్వే లండన్ కంపెనీ చేతిలో ఉంది. కాబట్టి పట్టాల మీది మాటంతా ఇంగ్లిషే. 1929లో బల్లార్షా లైను కలిసి ఊరు పెద్ద జంక్షనయింది. గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్, ఫైర్‌మన్, షంటింగ్, లోకో షెడ్డు, డ్యూటీ, రిలీవర్... బడి గడప తొక్కనివాళ్ల నోట్లో ఇవన్నీ తిరిగాయి. దాన్ని ఇంగ్లిష్ అని ఎవరూ అనలేదు, అది కూలోళ్ల భాష కదా!

అయితే మాట వచ్చింది గానీ కాగితం రాలేదు. షంటింగ్ అని తడుముకోకుండా పలికే మనిషే, చేతికి మెమో ఇస్తే చదివించుకోవడానికి ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. ఆ ఇంకొకరు చదివి ఎంత చెప్తే అంతే తెలుస్తుంది. మన ఇంగ్లిష్ చరిత్రలో అసలు ముడి ఇక్కడుంది. సావిత్రిబాయి 1854 నాటి 'కావ్యఫులే'లోనే ఇంగ్లిష్ నేర్చుకోమని కవిత్వం రాసింది. 1936లో లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ సభ రద్దు చేస్తే, బాబాసాహెబ్ తన ప్రసంగాన్ని సొంత డబ్బుతో 1500 కాపీలు అచ్చేయించాడు. ఆ 'కుల నిర్మూలన' రాసిందీ ఇంగ్లిష్‌లోనే.

ఇప్పుడు హనుమకొండ గోడల నిండా స్పోకెన్ ఇంగ్లిష్ పోస్టర్లే. "హౌ ఆర్ యూ, ఫైన్" దగ్గరే ఆగిపోయే కోర్సులు. నోరు తిరగడం అవసరమే, సిగ్గు పోవాలి. కానీ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపరు క్వాలిఫై కావాల్సిందే. అందులో పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారు. ర్యాంకులో ఆ మార్కులు కలపరు, కానీ అది తప్పితే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. తెలుగు మీడియం పిల్లలు చాలామంది దీన్ని చివరి నెలదాకా ముట్టుకోరు.

అందుకే ఆదివారం మేం కూర్చునే చోట రెండూ కలిపేశాం. ఒక పేరా ఇద్దరు చదువుతారు. ఒకరు ఇంగ్లిష్‌లో ప్రశ్న వేస్తారు: ఎవరు రాశారు, ఎవరితో అంటున్నారు, ఎందుకు కోపమొచ్చింది? రెండోవాళ్లు పుస్తకం మూసి జవాబు చెప్పాలి. వ్యాకరణం తప్పితే నవ్వొద్దన్న ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టాం. అర్థం తప్పితే మళ్లీ పేరాకి పోవాలి. మాట ఆగిన చోట తెలుగులో చెప్పొచ్చు, యాసతో సహా.

వచ్చే ఆదివారం 'కుల నిర్మూలన' ముందు అచ్చయిన ఉత్తరాలు చదువుతాం. మండల్ వాళ్లు ఏ మాటలు తీసేయమన్నారో, బాబాసాహెబ్ ఏం జవాబిచ్చాడో ఇద్దరిద్దరుగా పలకండి. డిక్షనరీ తెచ్చుకోండి.

జై భీమ్.