ఓడోమీటర్ చెప్పని వయసు

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు మొదట ఓడోమీటర్ చూస్తారు. పాత కార్లు సేకరించేవాళ్ళకి ఆ అంకె మరీ ముఖ్యం. తక్కువ తిరిగిన బండిని ఎవరూ విప్పి ఉండరనీ, లోపలున్నవన్నీ ఫ్యాక్టరీ భాగాలేననీ వాళ్ళ నమ్మకం. నిజమే అనుకుందాం. అయితే ఆ భాగాలు బాగున్నట్టేనా?

సిట్రోయెన్ డి.ఎస్. సంగతి చూడండి. 1955 అక్టోబరులో, పారిస్ మోటార్ షోలో, ఆ కారు జనం ముందుకొచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఆ రెండక్షరాలూ పలికితే 'దేవత' అన్నట్టే వినిపిస్తుంది. 1957లో వచ్చిన 'మిథాలజీస్'లో రోలాఁ బార్త్ దాని మీద ఏకంగా ఓ వ్యాసం పెట్టాడు. చూసినవాళ్ళంతా దాని ఒంటితీరు గురించే మాట్లాడుకున్నారు గానీ, అసలు విడ్డూరం చక్రాల దగ్గరుంది. పాల్ మజెస్ రూపొందించిన పద్ధతిలో ఉక్కు స్ప్రింగుల బదులు ఒక్కో చక్రానికి ఒక్కో లోహపు గోళం ఉంటుంది. దాని లోపల రబ్బరు పొర. పొరకి ఒక వైపు నైట్రోజన్, రెండో వైపు ద్రవం. కుదుపుల్ని గ్యాస్ మింగుతుంది. పంపు తోసే ద్రవం కారుని సరైన ఎత్తులో నిలబెడుతుంది.

ఏళ్ళ తరబడి షెడ్డులో ఉన్న డి.ఎస్. తికమక పెట్టేది ఇక్కడే. స్టార్ట్ చేస్తే బుద్ధిగా పైకి లేస్తుంది. రోడ్డెక్కితే మాత్రం ఎద్దుబండిలా ఎత్తేస్తుంది. ఎత్తు ద్రవం పని, మెత్తదనం గ్యాస్ పని మరి! కారు కదిలినా కదలకపోయినా నైట్రోజన్ ఆ పొరలోంచి కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. గోళం ఒరిజినలే, లోపల గ్యాసే లేదు.

ద్రవానిదీ ఇలాంటి కథే. తొలి ఏళ్ళలో వాడిన ఎర్ర ద్రవం తేమని పీల్చేది. దాంతో లోపల తుప్పు. 1960ల రెండో సగంలో ఆకుపచ్చ మినరల్ ఆయిల్ వచ్చింది. దానికి సీళ్ళు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే సీళ్ళు పాడవుతాయి. అందుకే కొత్త పద్ధతి భాగాలకి ఆకుపచ్చ రంగు వేశారు, పాతవి నల్లవి. 1963 నాటి కారు కింద ఆకుపచ్చ గోళాలు కనిపిస్తే, మధ్యలో ఎవరో మార్చారన్నమాట.

అలాగని నల్ల గోళాన్ని ముట్టుకోకుండా వదిలేయాలా? పాత గోళాలు రెండు ముక్కలు, మరలతో బిగించినవి. విప్పి, పొర మార్చి, మళ్ళీ గ్యాస్ నింపుకోవచ్చు. అంటే విప్పడం కూడా ఆ డిజైన్‌లో భాగమే. నన్నడిగితే, పాత డొల్లలు ఉంచేసి, పొరలు కొత్తవి వేసి, ఎర్ర ద్రవం కారుకి ఎర్ర ద్రవమే పోయాలి. ఏది ఎప్పుడు మార్చారో రాసి ఆ కాగితం కారులోనే పెట్టాలి. ఓడోమీటర్ చెప్పలేనిది తర్వాతి వాళ్ళకి అదే చెబుతుంది.